తండ్రి పేరు గడి ఖాళీగా ఉంది, మామగారికి చెప్పాలా?

మిన్నెసోటా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు వద్దన్నారు. ఉత్తరంలో ఉన్న మిగతా పేర్లు నేనే మార్చాను.

ఆవిడకి నలభై ఒకటి. పుట్టిల్లు రాజమండ్రి. పద్నాలుగేళ్ల కిందట, తనతో పనిచేసే అమెరికన్‌ని పెళ్లి చేసుకున్నారు. అతని తాతముత్తాతలు స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు. మామగారికి వచ్చే జూన్‌లో ఎనభై మూడు నిండుతాయి, గుండెకి రెండు స్టెంట్లు. కాళ్ళు ఆడుతున్నప్పుడే తన తాత పుట్టిన ఊరు చూసి రావాలని ఆయన కోరిక. ఆ ఊరు స్వీడన్ దక్షిణాన, స్మోలాండ్ ప్రాంతంలో ఉంది. టికెట్లు కొనేశారు. పుట్టినరోజు కానుకగా వంశవృక్షం తయారుచేసి ఇద్దామని, పిల్లలు పడుకున్నాక రాత్రిళ్ళు కూర్చుని మూడు నెలల పాటు పాత చర్చి పుస్తకాలు తిరగేశారీవిడ.

ఆ తాత పేరు కార్ల్ యూహాన్ అనుకుందాం. మామగారికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా బతికే ఉన్నాడు. "మా నాన్న సైన్యంలో ఉండేవాడు, నా చిన్నప్పుడే పోయాడు" అని చెప్పేవాడట. మూడు తరాలు తిరిగేసరికి ఆ మాట "యుద్ధంలో చనిపోయిన ఆర్మీ ఆఫీసర్" అయింది. ఆడపడుచు ఒక అడుగు ముందుకేసి, ఇంటర్నెట్‌లో అదే ఇంటిపేరున్న మీసాల ఆఫీసర్ ఫోటో ఒకటి పట్టుకుని, దాన్ని ముఖచిత్రంగా పెట్టి కుటుంబ పుస్తకం సిద్ధం చేస్తోంది. ఆగస్టులో అరవై మంది బంధువులకి పంచుతారు.

పారిష్ పుస్తకంలో దొరికింది వేరు. 1868 జులై 24న కార్ల్ యూహాన్ పుట్టాడు. తల్లి స్టీనా కాయ్‌సా, పెద్దరైతుల ఇళ్ళలో పనిమనిషి, ఇరవై మూడేళ్లు. తండ్రి పేరు రాయాల్సిన గడి ఖాళీ. పక్కన రెండక్షరాలు: "ఊఎక్తా" అనే మాటకి పొట్టిరూపం. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ అని.

భర్తకి చెబితే "నీ ఇష్టం" అన్నాడు. ఆడపడుచు "నాన్న గుండె ఆగిపోతుంది, ఆ పేజీ డిలీట్ చేసెయ్" అంది. మామగారికి చెప్పాలా వద్దా, పుస్తకం ఆపించాలా, అసలు తండ్రి ఎవరో డీఎన్‌ఏ పరీక్షతో తేల్చాలా అని మూడు ప్రశ్నలు అడిగారు. తండ్రి ఎవరో తనకి దాదాపు తెలుసని కూడా అన్నారు. స్టీనా అంతకుముందు పనిచేసిన ఇంటి యజమాని మీద అనుమానం. చివర్లో ఇంకో మాట: "మా పెళ్లప్పుడు నాన్న, వంశం ఏమిటో తెలియని వాళ్ళతో వియ్యమా అన్నారు. ఇప్పుడిది తెలిస్తే ఏమంటారో. నిజం చెప్పాలంటే ఆ పేజీ చూడగానే నాకే సిగ్గేసింది. ఎందుకో అర్థం కాలేదు."

*

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఖాళీ గడి దగ్గర కాదు. రెండో పేజీ చివర, బ్రాకెట్లో, పోనీలే ఇది కూడా చెబుదాం అన్నట్టు ఒక వాక్యం రాశారు: "తర్వాత 1873లో ఆవిడ రాస్క్ అనే సైనికుణ్ణి పెళ్లి చేసుకుంది, పిల్లవాణ్ణి ఆ ఇంటి కిందే రాశారు, ఆ సైనికుడు 1879లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు." ఇంతే. మళ్ళీ అతని ఊసు లేదు. మీ ఇంటిపేరు కూడా రాస్క్ కదండీ!

ఖాళీ గడి వైపే చూస్తూ ఉండిపోయి, నిండుగా ఉన్న పేజీని దాటేశారు. ముందు దాని సంగతి చూద్దాం. మీ మూడు ప్రశ్నలకీ అక్కడి నుంచే దారి ఉంది.

ఆ కాలంలో స్వీడన్‌లో సైన్యం ఎలా ఉండేదో తెలిస్తే ఈ రాస్క్ ఎవరో అర్థమవుతుంది. 1680ల నుంచి 1901 దాకా అక్కడ ఒక పద్ధతి నడిచింది. కొన్ని పొలాలు కలిసి ఒక జట్టు. ఒక్కో జట్టు ఒక్కో సైనికుణ్ణి పోషించాలి. అతనికి ఒక చిన్న ఇల్లు, చెక్కంత భూమి ఇచ్చేవారు. యుద్ధం లేనప్పుడు అతను ఆ చెక్క దున్నుకుంటాడు, రైతుల పనులకి వెళ్తాడు, డ్రిల్లు పిలుపు వస్తే వెళ్ళి వస్తాడు. దళంలో సగం మంది ఆండెర్సన్లు, సగం మంది పీటెర్సన్లు అయితే పిలవడం కష్టం. అందుకే చేరగానే పొట్టి పేరొకటి తగిలించేవారు. స్వార్డ్ అంటే కత్తి, షోల్డ్ అంటే డాలు, మూడిగ్ అంటే ధైర్యవంతుడు. రాస్క్ అంటే చురుకైనవాడు. చాలాచోట్ల ఆ పేరు మనిషిది కాదు, ఆ ఉద్యోగానిది. ఒకడు పోతే ఆ ఇంట్లోకి వచ్చే కొత్త సైనికుడికీ అదే పేరు. కరణీకం చేసిన ఇంటికి కరణం అన్నదే ఇంటిపేరుగా నిలవడం మనకి కొత్త కాదుగా, కాస్త అలాంటిదే.

కాబట్టి మీ ఆడపడుచు పట్టుకున్న మీసాలాయనకీ మీకూ పేరు కలవడం తప్ప ఏమీ ఉండకపోవచ్చు. పైగా "యుద్ధంలో చనిపోయిన" అన్న ముక్క నిలబడదు. స్వీడన్ ఆఖరిసారి యుద్ధం చేసింది 1814లో. కార్ల్ యూహాన్ తండ్రి వయసువాళ్ళకి చనిపోవడానికి యుద్ధమంటూ లేదు.

ఇప్పుడు తాతగారు అన్న మాట మళ్ళీ చదవండి. "మా నాన్న సైన్యంలో ఉండేవాడు, నా చిన్నప్పుడే పోయాడు." పిల్లవాడికి ఐదేళ్లప్పుడు రాస్క్ ఆ ఇంటికి తండ్రిగా వచ్చాడు. పదకొండేళ్లప్పుడు పోయాడు. సైనికుడే. తాతగారు ఒక్క అక్షరం కూడా అబద్ధం ఆడలేదు. ఆఫీసర్‌ని, యుద్ధాన్ని కలిపింది తర్వాతి తరాల వాళ్ళు.

ఇంకొంచెం దగ్గరకి వెళ్ళి చూడండి. మీరు పంపిన ఫోటోల్లో ఇంటింటి పరీక్ష పుస్తకం పేజీ ఉంది. స్వీడిష్‌లో దాని పేరు నోరు తిరగనిది, నేను ఈ పేరుతోనే పిలుస్తాను. పాస్టరు గారు ఇళ్ళవారీగా అందరినీ కూర్చోబెట్టి చదవడం వచ్చా, లూథర్ రాసిన మత ప్రశ్నోత్తరాలు కంఠతా వచ్చా అని పరీక్ష పెట్టి మార్కులు వేసుకునే పుస్తకం అది. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి పోయారు, మశూచి టీకా పడిందా, అన్నీ అందులోనే. ఆ పేజీలో సైనికుడు రాస్క్, కింద భార్య, ఆ కింద "భార్య అక్రమ సంతానం" అని కార్ల్ యూహాన్. ఆ కింద ఇద్దరు చిన్నపిల్లలు. 1879లో రాస్క్ పేరు మీద అడ్డగీత. తర్వాతి ఏడాది తల్లీ పిల్లల పేర్ల మీద కూడా గీతలున్నాయి, కానీ వాళ్ళు చనిపోయి కాదు. వేరే పేజీ నంబరు వేసి ఉంది చూడండి, ఇల్లు మారారు. సైనికుడు పోతే ఆ ఇల్లు వచ్చే సైనికుడిది. వితంతువు ఖాళీ చేయాలి. పదకొండేళ్ల కుర్రాడు ఆ ఇంట్లోంచి బయటికి వచ్చాడు, అదే రాస్క్ పేరుతో ఇంకో మనిషి లోపలికి వెళ్ళాడు.

మీరే రాశారు, స్వీడన్ పుస్తకాల్లో ఎక్కడా కార్ల్ యూహాన్‌ని రాస్క్ అనలేదని, ఆ పేరు మొదటిసారి కనపడేది మిన్నెసోటా చర్చి పుస్తకంలోనే అని. అంటే ఎవరూ ఇవ్వని పేరుని పందొమ్మిదేళ్లప్పుడు తనే ఎంచుకున్నాడు. 1887లో, స్వీడన్ నుంచి జనం అమెరికాకి అత్యధికంగా వెళ్ళిపోయిన సంవత్సరంలో, గోథెన్‌బర్గ్‌లో ఓడ ఎక్కి ఇంగ్లండ్ మీదుగా వెళ్ళిన వేలమందిలో ఒకడుగా వెళ్తూ, తనని ఆరేళ్లు పెంచిన మనిషి పేరు తీసుకెళ్ళాడు. ఇది నా ఊహ కొంత, ఒప్పుకుంటాను. మనసులో ఏముందో ఏ పుస్తకమూ రాయదు. కానీ తేదీలు ఆ వైపే చూపిస్తున్నాయి.

ఇక ఖాళీ గడి.

1686 చర్చి చట్టం వచ్చిన దగ్గర్నుంచి పుట్టుక, పెళ్లి, చావు, రాకపోకలు రాసి ఉంచడం స్వీడన్ పాస్టర్ల బాధ్యత. 1991లో ఆ పని పన్నుల శాఖ చేతికి వెళ్ళేదాకా అలాగే సాగింది. అంటే చర్చి పుస్తకమే ప్రభుత్వ రికార్డు. పెళ్లి కాని తల్లి విషయంలో తండ్రి పేరు, అతను తనంతట తాను ఒప్పుకుంటే తప్ప, రాయకుండా వదిలేయడం మామూలు. అసలు 1778లో మూడో గుస్తావ్ రాజు తెచ్చిన చట్టం ప్రకారం తల్లి కూడా పేరు చెప్పకుండా కనవచ్చు. భయంతో పసిగుడ్డుల్ని చంపుకోకుండా ఉండాలని ఆ వెసులుబాటు. స్టీనా పేరు చెప్పింది చూడండి. తన పేరుతోనే బిడ్డకి బాప్తిస్మం ఇప్పించింది.

కాబట్టి ఖాళీ గడికి అర్థం "ఆవిడకి తెలియదు" అని కాదు. "పాస్టరు గారు రాయలేదు" అని, అంతే. 1860లలో స్వీడన్‌లో ఇంచుమించు పదిమంది పిల్లల్లో ఒకరు పెళ్లి కాని తల్లులకి పుట్టినవాళ్ళే. అదే పేజీలో పైనా కిందా చూడండి, ఆ రెండక్షరాలు ఇంకెవరి పక్కనైనా ఉంటాయి. నేను స్వీడన్‌లోని లుండ్ ఊళ్ళో ఉన్న ఆరేళ్లలో పక్కింటి పెద్దావిడతో కలిసి శనివారాలు ఇలాంటి పుస్తకాలు చదివేదాన్ని. ఆవిడ చదివేది, నేను పక్కన కూర్చుని తేదీలు రాసేదాన్ని. (మొదట్లో ఆడవాళ్ళ పేర్ల చివర 'డీ ఆర్' అని చూసి, ఈ పల్లెటూళ్ళో ఇంతమంది డాక్టర్లా అనుకున్నాను. అది "కూతురు" అనే మాటకి పొట్టిరూపం. పీటర్ కూతురు, నీల్స్ కూతురు.) వాళ్ళ ఇంట్లో కూడా రెండు ఖాళీ గడులు తేలాయి. ఆవిడ కాఫీ పోస్తూ "ఇవి లేకపోతే అది మన దేశపు పుస్తకం కాదు" అంది.

మీ అనుమానం సంగతికి వద్దాం. పాత యజమాని అన్నారు. అలా ఎందుకనుకున్నారో అర్థమైంది: 1867 అక్టోబరు దాకా స్టీనా ఆ ఇంట్లో ఉంది, తర్వాత మారింది, జులైలో కాన్పు. కానీ లెక్క వేయండి. జులై 24 నుంచి వెనక్కి వెళ్తే గర్భం నిలిచింది అక్టోబరు ఆఖరు, నవంబరు మొదట్లో. పనివాళ్ళ ఏడాది అక్టోబరు 24తో ముగిసేది. ఆ తర్వాత వారం రోజులు సెలవు. ఏడాది మొత్తంలో పనివాళ్ళకి దొరికే అతి పెద్ద విరామం అదే. పుట్టింటికి వెళ్ళేవాళ్ళు, సంతకి వెళ్ళేవాళ్ళు, కొత్త చోటికి మూట సర్దుకునేవాళ్ళు. మీ తేదీ సరిగ్గా ఆ వారం మీద పడుతోంది. పాత ఇల్లు కావచ్చు, కొత్త ఇల్లు కావచ్చు, రెండూ కాకపోవచ్చు. ఆ యజమానికీ ఈనాడు ఆ ఊళ్ళో మునిమనవలు ఉండి ఉంటారు. పేరు మాత్రం ఎక్కడా రాయకండి, ఎవరితోనూ అనకండి. ఒకసారి ఆన్‌లైన్ వంశవృక్షంలోకి ఎక్కిందంటే మీ ఆడపడుచు మీసాలాయన లాగే అది కూడా వందమంది కాపీ చేసుకునే "నిజం" అయిపోతుంది.

నిజంగా వెతకాలనుంటే రెండు చోట్లున్నాయి. బాప్తిస్మం రోజు సాక్షులుగా నిలబడ్డవాళ్ళ పేర్లు అదే వరుసలో ఉంటాయి. వాళ్ళు ఎవరి ఇళ్ళ వాళ్ళో చూడండి, ఒక్కోసారి తండ్రి అక్కో అన్నో అందులో ఉంటారు. రెండోది జిల్లా కోర్టు పుస్తకాలు. బిడ్డ పోషణకి డబ్బు ఇప్పించమని తల్లులు దావా వేసేవారు, వేస్తే అక్కడ మనిషి పేరు ఉంటుంది. స్మోలాండ్ రికార్డులు వాడ్‌స్టేనా ఊళ్ళోని ఆర్కైవ్‌లో ఉన్నాయి. 1868 నుంచి రెండు మూడేళ్లు చూస్తే చాలు. దొరక్కపోయినా నష్టం లేదు.

ఇక మామగారికి చెప్పడం. మీ ముందు మూడు దారులున్నాయి. మూడింటికీ ఖరీదు ఉంది.

చెప్పకుండా ఉండటం మొదటిది, మీ ఆడపడుచు కోరేది అదే. ఇక్కడే ఉండిపోతే అది నడవొచ్చు. కానీ మీరు ఆ ఊరు వెళ్తున్నారు. స్వీడన్ పల్లెల్లో స్థానిక చరిత్ర సంఘాలు ఉంటాయి, ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. అమెరికా నుంచి ముసలాయన తాత ఊరు చూడటానికి వస్తున్నాడంటే వాళ్ళకి పండగే. కాఫీ, దాల్చినచెక్క రొట్టె, బల్ల మీద ప్రింటవుట్లు. వాళ్ళకి ఆ రెండక్షరాల్లో సిగ్గుపడాల్సింది ఏమీ కనపడదు. వేలు పెట్టి చూపిస్తారు, నవ్వుతూ. మీ మామగారు ఎనభై మూడో ఏట, పరాయివాళ్ళ బల్ల దగ్గర, దుబాసీ నోటి నుంచి వింటారు. పక్కన మీరు ముందే తెలిసిన మొహంతో నిలబడి ఉంటారు. నాకు ఈ దృశ్యమే అన్నిటికన్నా భయం. వెళ్ళడానికి ముందే ఆ సంఘం వాళ్ళకి ఉత్తరం రాసి "ఇది చూపించకండి" అని అడగవచ్చు, కానీ అప్పుడు మీరు ఇంకో నలుగురిని రహస్యంలో కలుపుకున్నట్టే.

రెండోది, పుట్టినరోజు నాడు వంశవృక్షంతో పాటు ఇచ్చేయడం. మీ మొదటి ప్లాన్ ఇదేనేమో. వద్దనే అంటాను. పదిమంది మధ్య, కేకు ముందు, ఆయన మొహం ఎలా పెట్టుకోవాలో ఆయనకే తెలియదు.

మూడోది, ముందు అడగడం. మీరు కాదు, మీ ఆయన. ఇక్కడ ఆయన "నీ ఇష్టం" అనడం నాకు నచ్చలేదు. కనిపెట్టింది మీరే కావచ్చు, కానీ ఆ తాత ఆయన ముత్తాత. కోడలు తెచ్చిన వార్తగా కాకుండా కొడుకు అడిగిన మాటగా ఉండాలి. "నాన్నా, పాత పుస్తకాల్లో తాత గురించి మనం అనుకోనివి కొన్ని కనిపించాయి. అన్నీ చెప్పమంటావా, కొన్నే చాలా?" అని అడిగి ఆగాలి. ఆయన "కొన్నే చాలు" అంటే అక్కడికి ఆపేయండి, ఊళ్ళో వాళ్ళకి ఉత్తరం అప్పుడు రాయండి. అది ఆయన మాట మీద చేసే పని, ఆయన్ని దాటి చేసేది కాదు. "అన్నీ" అంటే, ఖాళీ గడి నుంచి మొదలుపెట్టకండి. సైనికుడి ఇంటి పేజీ ముందు. అందులో రాస్క్, ఆ కింద పిల్లవాడు. తర్వాత 1879 గీత. తర్వాత మిన్నెసోటా పుస్తకంలో ఆ పేరు. అన్నిటికన్నా చివర 1868. ఆ వరుసలో చూస్తే, "తాత అబద్ధం చెప్పాడా?" అన్న ప్రశ్న ఆయనకి రాదు. నా అంచనా, ఈ వయసు మనిషికి అసలు దెబ్బ తగిలేది ఆ ప్రశ్న దగ్గరే, పెళ్లి కాలేదన్న దగ్గర కాదు.

స్టెంట్ల సంగతి మీ ఆడపడుచు ఊరికే అనలేదు, దాన్ని కొట్టిపారేయకండి. డాక్టరు ప్రయాణానికి సరే అన్నారు కాబట్టి ఒక కబురు తట్టుకోగలరనే అనుకుంటాను. అయినా పగలు, భోజనం అయ్యాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు మాట్లాడండి. ప్రయాణానికి కనీసం నెల ముందు. ఆయన దాన్ని మింగి, మళ్ళీ ప్రశ్నలు అడగడానికి టైమ్ ఉండాలి.

ఆయనకే తెలిసి ఉండవచ్చన్నది ఇంకో సంగతి. ఎనిమిదేళ్లదాకా తాత దగ్గర పెరిగిన పిల్లవాడు పెద్దవాళ్ళు గుసగుసలాడేవి వినే ఉంటాడు. ఇలా జరగడం నేను చూశాను. చెప్పబోతే "ఓ అదా" అన్నవాళ్ళు ఉన్నారు.

పుస్తకం గురించి. మొత్తం ఆపించాలని పంతం పట్టకండి, ఆడపడుచుతో జన్మంతా ఉండాలి. ఫోటో తీసేయాలి, "ఆఫీసర్" "యుద్ధం" అన్న రెండు మాటలు తీసేయాలి. ఇందులో మాత్రం రాజీ లేదు, ఎందుకంటే అది ఎవరో వేరే మనిషి మొహం. దాని బదులు "కార్ల్ యూహాన్ స్మోలాండ్‌లో ఒక సైనికుడి ఇంట్లో పెరిగాడు, అతని పేరునే ఇంటిపేరుగా తీసుకున్నాడు" అని రాయొచ్చు. ప్రతి మాటా నిజం, ఎవరి గుట్టూ బయటపడదు. మామగారు అన్నీ విని సరే అంటే స్టీనా పేరు కూడా చేర్చండి. ఆవిడకి విరోధులు ఎవరూ లేరిప్పుడు. ముఖచిత్రానికి ఫోటో కావాలంటే ఆ పరీక్ష పుస్తకం పేజీ ఉంది, స్వీడన్ జాతీయ ఆర్కైవ్ సైటులో ఉచితంగానే చూడొచ్చు. వాడుకునే నిబంధనలు ఒకసారి చదువుకోండి.

డీఎన్‌ఏ: మామగారు కార్ల్ యూహాన్ కొడుకు కొడుకు. కాబట్టి ఇంట్లో ఇంకెవరి నమూనా కన్నా ఆయనదే విలువైనది, నిజంగా జవాబు దొరికే అవకాశం కూడా ఉంది. కానీ ఆ జవాబు 1868 దగ్గర ఆగదు. బతికున్నవాళ్ళ సంగతులు కూడా కక్కుతుంది, ఎవరూ అడగనివి. స్వీడన్‌లో ఎవరో పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్లో, డీఎన్‌ఏ కలిసినవాళ్ళ జాబితాలో మీ మామగారి పేరు చూసి ఉలిక్కిపడతారు. ఆయన స్వయంగా కావాలంటేనే, కబురు చెప్పిన రోజు కాదు, కనీసం కొన్ని వారాలు ఆగి. ఆయనకి తెలియకుండా వాడిన గ్లాసు పంపడం లాంటి ఆలోచన ఉంటే మానుకోండి. ఉందని కాదు, ఇదివరకు ఒకరు ఇలాగే అడిగారు కాబట్టి అంటున్నాను.

మీ సిగ్గు సంగతి మిగిలింది. ఎందుకో అర్థం కాలేదన్నారు. ఉత్తరంలో మీరే రాశారు కానీ. మూడు నెలలు రాత్రిళ్ళు కూర్చుంది మామగారి కోసమే కాదు. "చూడు నాన్నా, వీళ్ళకీ వంశం ఉంది" అని రాజమండ్రికి చూపిద్దామని కూడా. చివరికి దొరికింది నాన్న మాటకి సాక్ష్యంలా కనపడింది. అందుకే సిగ్గు. కాస్త ఆగి ఆలోచించండి. మీ నాన్నగారికి ఆయన ముత్తాతని కన్న తల్లి పేరు తెలుసా? నాకు మా ఇంట్లో తెలియదు. గోత్రం తెలుసు, ప్రవర తెలుసు, ఆవిడ పేరు తెలియదు. మీ అత్తింటి వైపు మాత్రం, సొంత గది కూడా లేని ఒక పనిమనిషి పుట్టినరోజు తెలుసు, ఎంత బాగా చదివేదో తెలుసు, టీకా వేయించుకుందని తెలుసు. ఇంటిపేరు లేకపోవడం కూడా లోటేమీ కాదు. స్వీడన్ పల్లెల్లో 1901 దాకా తండ్రి పేరు చివర "కొడుకు" "కూతురు" అని తగిలించడమే పద్ధతి, తరానికో పేరు మారేది.

నాన్నగారికి ఇది చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ఇది మీ మామగారి ఇంటి సంగతి, ఆయన అనుమతి లేకుండా రాజమండ్రి ఫోన్‌లో దొర్లకూడదు. ఏదో ఒకటి చెప్పాలనిపిస్తే నాకు ఇష్టమైన ముక్క ఒకటుంది. కార్ల్ యూహాన్ పేరు రాసుకున్న మీ మిన్నెసోటా చర్చి ఆగస్టానా సినడ్‌ది అన్నారు. స్వీడన్ వలసదారులు 1860లో పెట్టుకున్న చర్చి అది. ఆ చర్చి వాళ్ళు పంపిన మిషనరీలు వచ్చింది రాజమండ్రికే. వాళ్ళలో ఒకరైన షార్లెట్ స్వెన్సన్ పేరుతో అక్కడ ఆడవాళ్ళ బైబిల్ ట్రైనింగ్ స్కూలు ఉంది, మీ నాన్నగారు దాని ముందు నుంచి వందసార్లు వెళ్ళి ఉంటారు. వియ్యంకుల ఊరివాళ్ళు తనకన్నా ముందే రాజమండ్రి వచ్చి వెళ్ళారని తెలిస్తే ఆయన ఏమంటారో నాకూ వినాలనుంది.

జూన్‌లో వెళ్ళినప్పుడు చర్చి ఒక్కటే చూసి రాకండి. సైనికుల ఇళ్ళకి నంబర్లు ఉండేవి, చాలా ఊళ్ళలో చరిత్ర సంఘాల వాళ్ళు ఆ చోట్ల చిన్న బోర్డులు పాతారు. ఇల్లు ఉండకపోవచ్చు, నాలుగు పునాది రాళ్ళు, ఒక పాత లిలాక్ పొద ఉండొచ్చు. ఆ నంబరు ముందే కనుక్కోండి. కారు ఎంత దగ్గరిదాకా వెళ్తుందో కూడా అడగండి, మామగారు అడవి దారిలో ఎక్కువ దూరం నడవలేరు. ఇవాళ మాత్రం మీ ఆడపడుచుకి ఫోన్ చేసి, పుస్తకం ప్రింటుకి ఏ తారీఖున వెళ్తోందో కనుక్కోండి.